ఎస్పోజితో: వంశం తెలియని పిల్లలకి పెట్టిన ఇంటిపేరు

పేర్ల గురించి వరసగా మాట్లాడుకుంటున్నాం కదా, ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇటాలియన్ ఇంటిపేరు తీసుకుంటున్నాను. ఎస్పోజితో.

మీలో 'బ్రేకింగ్ బ్యాడ్' చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. అందులో చికెన్ షాపు నడుపుతూ, నీటుగా టై కట్టుకుని, మెత్తగా మాట్లాడుతూనే మనుషుల్ని లేపేసే గస్ ఫ్రింగ్ గుర్తున్నాడా? ఆ నటుడి పేరు జాన్‌కార్లో ఎస్పోజితో. వాళ్ళ నాన్నది నేపుల్స్. అమ్మ అమెరికాలోని అలబామాకి చెందిన నల్లజాతి ఒపేరా గాయని. ఈయన పుట్టిందేమో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగెన్‌లో. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకైతే ఇంటర్ మిలాన్ కుర్రాడు ఫ్రాన్చెస్కో పియో ఎస్పోజితో తెలిసే ఉంటాడు. 2005లో పుట్టాడు, నేపుల్స్ పక్కనే ఉండే కాస్తెల్లమ్మారే ది స్తాబియా వాళ్ళ ఊరు. అన్నలిద్దరూ ఫుట్‌బాల్ ఆటగాళ్ళే. ఇక పిజ్జా తినేవాళ్ళకి ఇంకో ఎస్పోజితో ఉన్నాడు, ఆయన దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఈ ముగ్గురూ ఒకరికొకరు చుట్టాలనుకుంటే పొరపాటే. మన దగ్గర ఇంటిపేరు కలిసిందంటే చాలు, 'మీదే ఊరు, గోత్రం ఏంటి' అని మొదలుపెట్టి ఐదు నిమిషాల్లో బాబాయి వరసో బావ వరసో కలిపేస్తాం. ఎస్పోజితోల దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఎందుకంటే అది ఒక వంశం పేరు కాదు, వంశం తెలియని పిల్లలకి పెట్టిన పేరు.

ముందు అర్థం చూద్దాం. లాటిన్‌లో 'ఎక్స్‌పోనెరె' అంటే బయట పెట్టడం. దాన్నుంచి 'ఎక్స్‌పోజితుస్', అంటే బయట పెట్టినది. మీ ఫోన్ కెమెరాలో ఎక్స్‌పోజర్ అని ఒక గీత ఉంటుంది, పైకి లాగితే ఫొటో తెల్లగా వస్తుంది, కిందికి లాగితే నల్లబడుతుంది. హైదరాబాద్ హైటెక్స్‌లో ఎక్స్‌పోలు జరుగుతుంటాయి. ఎవడిదో బండారం బయటపెడితే 'ఎక్స్‌పోజ్ చేశాడు' అంటాం. ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు. కెమెరాలో వెలుతురుకి ఎదురుగా పెట్టేది సెన్సర్‌ని. ఎక్స్‌పోలో జనం ముందు పెట్టేది సరుకుని. ఎస్పోజితోలో బయట పెట్టింది పసిబిడ్డని. చర్చి మెట్ల మీదో, ఆసుపత్రి గుమ్మం దగ్గరో ఎవరూ చూడకుండా వదిలి వెళ్ళిన బిడ్డని.

పలకడం గురించి ఒక్క మాట. అమెరికా వాళ్ళు 'ఎస్పొజీటో' అని జీ దగ్గర సాగదీస్తారు. ఇటలీలో ఒత్తు 'పో' మీద పడుతుంది. నేను ఇటలీ వాళ్ళలాగే పలుకుతున్నాను.

ఇప్పుడు నేపుల్స్‌కి వెళ్దాం. పాతబస్తీలాంటి ఇరుకు సందుల పేట ఒకటి ఉంది, ఫోర్చెల్లా అని. అక్కడ 14వ శతాబ్దంలో మొదలైన అన్నుంజియాతా అనే పెద్ద ధర్మసంస్థ ఉంది. చర్చి, ఆసుపత్రి, అనాథ శిశువుల ఆశ్రమం అన్నీ ఒకేచోట. దాని గోడలో ఒక చక్రం బిగించారు. ఇటాలియన్‌లో 'రువోతా' అంటారు. చక్రం అంటే బండి చక్రంలా ఊహించుకోకండి. చెక్కతో చేసిన డ్రమ్ములాంటిది, ఒకపక్క ఖాళీ. వీధి వైపు నుంచి బిడ్డని ఆ ఖాళీలో పడుకోబెట్టి, తిప్పితే ఖాళీ లోపలి వైపుకి తిరుగుతుంది. గంట మోగిస్తే లోపల కాపలా ఉన్నావిడ వచ్చి బిడ్డని ఎత్తుకుంటుంది. బయటున్న మనిషి మొహం లోపలివాళ్ళకి కనపడదు. కావలసింది కూడా అదే.

ఎవరు వదిలేవారు? పెళ్ళికాకుండా తల్లైన ఆడపిల్లలు అని మనం వెంటనే అనేసుకుంటాం. వాళ్ళూ ఉన్నారు. కానీ పెళ్ళై, కాపురం చేసుకుంటూ, ఇంకో నోటికి తిండి పెట్టలేక వదిలినవాళ్ళూ చాలామంది. కరువు వచ్చిన ఏడాది చక్రం ఎక్కువ తిరిగేది. లోపలికి చేరిన పిల్లలందరూ బతికారని కూడా అనుకోకండి. పాలపొడి, సీసాలు లేని రోజులు. పాలిచ్చే దాదులు సరిపోరు. ఎంతోమంది మొదటి పుట్టినరోజు చూడలేదు. బతికిన వాళ్ళని పల్లెల్లో పాలిచ్చే ఆడవాళ్ళకి డబ్బిచ్చి అప్పజెప్పేవాళ్ళు, కొందరు అక్కడే ఆ ఇంటి పిల్లలుగా కలిసిపోయేవాళ్ళు.

నన్ను బాగా కదిలించింది అక్కడి రిజిస్టర్లు. బిడ్డ ఏ వేళకి వచ్చింది, వయసు ఎంతుండొచ్చు, ఒంటి మీద ఏం గుడ్డలున్నాయి, పక్కన ఏం పెట్టారు, అన్నీ రాసేవాళ్ళు. పక్కన పెట్టినవి ఏంటంటే, ఒక రిబ్బను ముక్క, ఒక చీటీ, ఒక్కోసారి సగానికి కోసిన పతకం. రెండో సగం తల్లి దగ్గర ఉంటుంది. ఎప్పుడైనా రోజులు బాగుపడితే, ఆ సగం పట్టుకొచ్చి ఈ సగానికి ఆనించి చూపిస్తే, ఈ బిడ్డ నాదేనని రుజువు. అంటే వదిలేటప్పుడే తిరిగి రావాలనే ఆశ కూడా పెట్టి వెళ్ళారు. అలా వచ్చి తీసుకెళ్ళినవాళ్ళు కొద్దిమందే.

లోపలికి వచ్చిన బిడ్డకి బాప్టిజం ఇచ్చి పేరు పెడతారు. ఇంటిపేరు? తండ్రి తెలియదు, ఊరు తెలియదు. అందుకని, ఎస్పోజితో. ఈ రోజు నేపుల్స్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇంటిపేరు ఇదే.

నేపుల్స్ జనం ఈ పిల్లల్ని 'మడొన్నా బిడ్డలు' అనేవాళ్ళు. మేరీమాత పిల్లలు అన్నమాట. వినడానికి ఎంత గౌరవంగా ఉంది! కానీ అదే ఊళ్ళో పిల్లనివ్వాల్సి వచ్చినప్పుడు, పనిలో పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ ఇంటిపేరు వినగానే అవతలివాళ్ళకి విషయం తెలిసిపోయేది. మన కర్ణుడినే చూడండి. పెంచిన తల్లి రాధ పేరు మీద రాధేయుడు అంటే ప్రేమ. అదే మనిషిని సభలో సూతపుత్రుడా అంటే అవమానం. మనిషి మారలేదు, పిలిచే నోరు మారింది. ఎస్పోజితోలో ఆ రెండూ ఒకే మాటలో ఇరుక్కున్నాయి.

నాకు ఈ విషయం మీద ఇంత ఆసక్తి ఎందుకో కూడా చెప్పాలి. హైస్కూల్లో నా పక్క బెంచీలో ఒకడు కూర్చునేవాడు, అనాథ పిల్లల హాస్టల్ నుంచి వచ్చేవాడు. మా అందరి పేర్ల ముందు ఇనీషియల్ ఉండేది, వాడికి లేదు. ప్రతి జూన్‌లో కొత్త సారు హాజరుపట్టీ చదువుతూ వాడి దగ్గర ఆగి, 'ఇంటిపేరేంట్రా?' అనేవారు. క్లాసంతా వాడి వైపు తిరిగేది. పదో తరగతి ఫారాలు నింపేటప్పుడు హాస్టల్ వార్డెన్ తన ఇంటిపేరులో మొదటి అక్షరం వాడికి ఇచ్చాడు. ఇప్పటికీ వాడి ఆధార్‌లో అదే ఉంది. నేపుల్స్‌లో అయితే అధికారులు తమ పేరు ఇవ్వలేదు, వదిలేసిన సంగతినే పేరుగా ఇచ్చారు.

ఇటలీలో ఒక్క నేపుల్స్ మాత్రమే కాదు, ఊరికో పద్ధతి. రోమ్‌లో 'ప్రోయెత్తి' అని పెట్టేవాళ్ళు. అర్థం ఇంకా మొరటు, విసిరేసినవాడు అని. ఆ ఇంటిపేరుతోనే జీజీ ప్రోయెత్తి అనే నటుడిని రోమ్ నెత్తిన పెట్టుకుంది. 1940 నవంబర్ 2న పుట్టి, 2020 నవంబర్ 2న, సరిగ్గా ఎనభయ్యో పుట్టినరోజున పోయాడాయన. సియెనాలో ఆసుపత్రి పేరే ఇచ్చేవాళ్ళు, 'దెల్లా స్కాలా' అని.

మిలాన్ వాళ్ళది కొంచెం మెత్తని మనసనిపిస్తుంది. అక్కడి పెద్దాసుపత్రి గుర్తు పావురం. పావురం అంటే కొలంబా, అందుకని పిల్లలకి 'కొలంబో' అని పెట్టేవాళ్ళు. 1825 వరకు ఈ అలవాటు సాగింది. ఇక్కడ ఆగండి, కామెంట్లలో తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా: శ్రీలంక కొలంబోకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అది స్థానికుల మాట నుంచి వచ్చింది. అమెరికా దారి కనిపెట్టిన కొలంబస్ ఇంటిపేరు కొలంబోనే, పావురం అర్థమే, కానీ ఆయనది జెనోవా. ఈ మిలాన్ ఆసుపత్రి కథ ఆయనకి అంటగట్టకండి.

ఫ్లోరెన్స్ వాళ్ళు ఈ పని అందంగా చేశారు. బ్రూనెల్లెస్కి లాంటి మహా వాస్తుశిల్పితో 1419లో అనాథ శిశువుల కోసం భవనం మొదలుపెట్టించారు. 1445 ఫిబ్రవరిలో మొదటి పాప వచ్చింది. అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. ఆ భవనం పేరు 'ఇన్నొచెంతి', అమాయకులు అని. ఏ పాపం ఎరగనివాళ్ళు. అక్కడి పిల్లల ఇంటిపేర్లు ఇన్నొచెంతి, నొచెంతీని, అలా వచ్చాయి. పొత్తిగుడ్డల్లో చుట్టిన పాపాయిల మట్టిబొమ్మలు ఆ గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి, నీలం రంగు గుండ్రాల మీద తెల్లటి పాపాయిలు. లాంబ్రెట్టా స్కూటర్ తెలుసా? తెలియకపోతే తాతయ్యని అడగండి, కళ్ళు మెరుస్తాయి. దాన్ని తయారుచేసినాయన ఫెర్దినాందో ఇన్నొచెంతి, ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతం వాడే. ఆ కంపెనీ యంత్రాలనే మన ప్రభుత్వ సంస్థ కొని తెచ్చి, లక్నోలో విజయ్ సూపర్ తయారుచేసింది. మన రోడ్ల మీద తిరిగిన ఆ బండి మూలాల్లో అలాంటి ఇంటిపేరు ఒకటి ఉందన్నమాట.

సరే, మళ్ళీ ఎస్పోజితోకి. నెపోలియన్ బావ మురాత్ 1808 నుంచి 1815 దాకా నేపుల్స్ రాజు. పిల్లలకి ఈ ముద్ర వెయ్యొద్దని ఆ పేరు పెట్టడాన్ని ఆయన నిషేధించాడు. 1861లో ఇటలీ ఒకే దేశమయ్యాక కూడా, పుట్టుక బయటపడే ఇంటిపేర్లు పెట్టకూడదని చట్టాలు వచ్చాయి. 1875లో అన్నుంజియాతా చక్రాన్నే మూసేశారు. అప్పట్నుంచి దొరికిన పిల్లలకి ఏవో మామూలు పేర్లు పెట్టడం మొదలైంది. కానీ అప్పటికే పేరున్నవాళ్ళు? వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, ఆ పేరే పిల్లలకి ఇచ్చారు. ఎంతమందికి ఇచ్చారంటే, వీధికి పదిమంది ఎస్పోజితోలు అయ్యేసరికి ఇక ఎవర్ని చూసి నవ్వాలి? చట్టం తుడవలేని ముద్ర అలా జనంలో కలిసి చెరిగిపోయింది. నా లెక్కలో ఈ పేరుకి జరిగిన అసలు న్యాయం అది, రాజు ఉత్తర్వు కాదు.

పిజ్జా ఆయన దగ్గరికి వస్తానన్నాను కదా. రఫాయెలె ఎస్పోజితో, నేపుల్స్‌లో పిజ్జా దుకాణం. 1889లో రాణి మార్గరీతా ఊరికి వచ్చినప్పుడు టమాటా, మోజరెల్లా చీజ్, తులసి జాతి ఆకు వేసి పిజ్జా చేసి పంపాడనీ, రాణి మెచ్చుకుంటే దానికి ఆమె పేరే పెట్టాడనీ కథ. మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరం ఆ దుకాణంలో ఇప్పటికీ ఉంది, అయితే అది అసలుదేనా అని చరిత్రకారులు కొందరు గట్టిగానే సందేహించారు. కథ నిజమైనా కాకపోయినా, మీ ఫుడ్ యాప్‌లో రాణి పేరు ఉంది, చేసినాయన పేరు లేదు.

సముద్రం దాటినవాళ్ళూ ఉన్నారు. కెనడాలో ఫిల్ ఎస్పోజితో ఐస్ హాకీలో పెద్ద పేరు. 1968-69 సీజన్‌లో, ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో 100 పాయింట్లు దాటిన మొదటి ఆటగాడు ఆయనే. తమ్ముడు టోనీ గోల్‌కీపర్. అన్న గోల్ కొడతాడు, తమ్ముడు ఆపుతాడు, ఇంట్లో ఎలా ఉండేదో ఏమో! స్పెయిన్‌లో, అర్జెంటీనాలో ఈ పేరే 'ఎక్స్‌పోసితో' అని కూడా కనపడుతుంది. స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్ 1794లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు, అలాంటి పిల్లల్ని పుట్టుక పేరుతో తిడితే శిక్ష అని. బ్యూనస్ ఐరస్‌లో 1780 నుంచి అనాథాశ్రమం ఖర్చుల కోసం ఒక ప్రెస్ నడిచేది. దాని పేరే 'వదిలేసిన పిల్లల ముద్రణాలయం'. 1810లో ఆ దేశపు విప్లవ పత్రిక అచ్చయింది అక్కడే. ఆస్కార్ తెచ్చుకున్న అర్జెంటీనా సినిమా 'ది సీక్రెట్ ఇన్ దెయిర్ ఐస్'లో హీరో ఇంటిపేరు కూడా ఎస్పోజితోనే.

ఇప్పుడు ఇది పాత కథ అనుకుంటున్నారేమో. ఇటలీలో ఈ రోజుకీ తల్లి తన పేరు చెప్పకుండా ఆసుపత్రిలో కాన్పు అయ్యి, బిడ్డని అక్కడే వదిలి వెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాగితాల మీద తల్లి పేరుండదు. దానివల్ల పసిపిల్లలు చెత్తకుప్పల పాలవ్వకుండా ప్రాణాలతో బయటపడతారు, అది నిజం. కానీ ఆ పిల్లలు పెద్దయ్యాక 'మా అమ్మ ఎవరు?' అని అడిగితే? 2012లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, అలా పుట్టిన ఒకావిడ కేసులో, ఇటలీ ఆ ప్రశ్నకి తలుపులు పూర్తిగా మూసెయ్యడం తప్పని తీర్పు ఇచ్చింది. 2013లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం ఒక దారి చూపించింది. బిడ్డ కోరితే, కోర్టు గుట్టుగా ఆ తల్లిని వెతికి, 'పేరు చెప్పడానికి ఇప్పుడు ఇష్టమేనా?' అని అడగొచ్చు. ఆమె ఒప్పుకుంటేనే చెప్తారు. తల్లికి ఇచ్చిన మాట ఒకపక్క, బిడ్డ ప్రశ్న ఒకపక్క. నన్నడిగితే నేను బిడ్డ వైపు. మీలో కొందరు తల్లి వైపు ఉంటారని తెలుసు, కామెంట్లలో రాయండి, తిట్టుకోకుండా మాట్లాడుకుందాం.

నేపుల్స్ వెళ్ళే అవకాశం వస్తే ఫోర్చెల్లాలో అన్నుంజియాతా దగ్గర ఆగండి. ఆ చక్రం గోడలో ఇంకా ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో ఫెరారీ. కారు గురించి కాదు, కమ్మరుల గురించి. ఉంటాను మరి.