రాకెట్టు: ఇంట కట్టదగినది, ఇంట కూరరానిది

దీపావళినాటి తారాజువ్వకు పుల్ల యెందులకని బాలుడొకడు ప్రశ్నించినచో సమాధానము చెప్పగల పెద్దలు మన యిండ్లలో నెందరు గలరు? పుల్ల యూడిన జువ్వ పైకి పోక, గిరగిర తిరిగి పొరుగువారి పాకపై బడుట మనలో ననేకులు చూచినదే. 1780లో పొల్లిలూరు యుద్ధమున మైసూరు సైన్యము ప్రయోగించిన యినుప గొట్టముల రాకెట్లకు పొడుగాటి వెదురుకర్రలు కట్టుట కూడ నిందులకే. ఈ మర్మమును బాలుడు తన చేతులతోనే తెలిసికొనుటకు చక్కని సాధనమొకటి గలదు. అది కాగితపు గొట్టముతో కట్టెడి నమూనా రాకెట్టు.

ఈ వినోదము పుట్టినది అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రమందలి నార్‌ఫోక్ పట్టణమున. అచట చెప్పుల దుకాణము నడుపుచుండిన ఆర్విల్ కార్లైల్ బాణసంచా విద్యలో ప్రవీణుడు; ఆయన సోదరుడు రాబర్టు నమూనా విమానములయం దభిరుచి గలవాడు. రాబర్టు తన యుపన్యాసములలో రాకెట్టు గమనమును ప్రదర్శింపగోరగా, 1954లో పారాషూటుతో క్షేమముగా దిగివచ్చు చిన్న రాకెట్టును వీరు నిర్మించిరి. 1957లో నది వైట్ శాండ్స్ ప్రయోగ కేంద్రమున పనిచేసిన జి. హారీ స్టైన్ దృష్టికి వచ్చెను. ఆ యేడే అక్టోబరు 4న సోవియట్ వారి స్పుత్నిక్ ఆకసమున కెగసెను. అంతట ననేకులు బాలురు ఇనుప గొట్టములలో మందు కూరి ప్రయోగములకు దిగిరి. వ్రేళ్లు, కన్నులు, కొందరు ప్రాణములను సైతము పోగొట్టుకొనిరి. ఉత్సాహమును నిషేధించి లాభము లేదని స్టైన్ గ్రహించెను. మందుతో కూడిన మోటారును కర్మాగారము చేయవలెను, తక్కినదంతయు బాలుడు చేయవలెనని యాయన బోధించిన విభజన. 1958లో వెర్నన్ ఎస్టెస్ డెన్వరులో నిట్టి మోటార్లను చేయు యంత్రమును నిర్మించుటతో నది సుసాధ్యమయ్యెను.

ఈ విభజనయే విద్యకంతకు ప్రాణమని మా యభిప్రాయము. మందు కూరుట సాహసమే గాని పాండిత్యము గాదు. పాండిత్యమంతయు కాగితము, కొయ్య, జిగురులలోనే యున్నది.

సాధారణపు చిన్న మోటారు 18 మిల్లీమీటర్ల వ్యాసము, 70 మిల్లీమీటర్ల పొడవు గలది. దానికి దగిన కడ్డీపై దళసరి కాగితమును జిగురుతో చుట్టి యారనిచ్చినచో గొట్టము సిద్ధమగును. ముక్కును తేలిక కొయ్యతో చెక్కవలెను. ఆ దేశమువారు బాల్సా కొయ్యను వాడుదురు. మనకు కొండపల్లి బొమ్మలు చెక్కెడి పొణికి కొయ్య గలదు. ముక్కు సూదివలె నుండనక్కరలేదు. ధ్వనికంటె మెల్లగా పోవు రాకెట్టునకు గుండ్రని మొనయే మేలు. ఇక రెక్కలు మూడో నాలుగో. కొయ్యలోని నార రెక్క ముందంచు వెంబడి పోవలెను. లేనిచో గాలి తాకిడికి రెక్క విరుగును. గొట్టము చుట్టుకొలత గల కాగితపు పట్టీని సమభాగములుగ మడచి గుర్తులు పెట్టినచో రెక్కల యెడము తప్పదు. లోహము నెచటను వాడరాదు.

ఇంతవరకు చేతిపని, ఇటుపై బుద్ధిపని. మోటారు సహితముగ రాకెట్టును కత్తియంచుపై నిలిపి చూడుడు. అది సమతూకముగ నిలుచు చోటు గరిమనాభి. గాలి యొత్తిడి యంతయు నొకచోట పనిచేయుచున్నట్లు భావించినచో ఆ చోటు పీడన కేంద్రము. రాకెట్టు ఛాయను అట్టపై గీసి కత్తిరించి, ఆ యట్ట సమతూకముగ నిలుచు చోటును గుర్తించినచో పీడన కేంద్రము స్థూలముగ దెలియును. జేమ్స్ బారోమన్ అను ఇంజనీరు 1966లో దీనిని మరింత సూక్ష్మముగ లెక్కించు పద్ధతిని నమూనా రాకెట్ల వారికి అందించెను. గరిమనాభి పీడన కేంద్రమునకు ముందు, కనీసము గొట్టపు వ్యాసమంత దూరమున నుండవలెను. అట్లు లేనిచో నది పుల్ల యూడిన జువ్వయే. ముక్కున బరువు చేర్చుటయో, రెక్కలు పెంచుటయో దీనికి నివారణము. కాని ఈ దూర మతిగా పెరిగినను రాకెట్టు గాలికెదురుగ వాలిపోవును. గరిమనాభి వద్ద దారము కట్టి చుట్టును త్రిప్పినప్పుడు ముక్కు ముందుగ సాగినచో నమ్మవచ్చును.

ప్రయోగమునకు మూడడుగుల సన్నని కడ్డీ, విద్యుత్తుతో నంటించు ఏర్పాటు, పదునైదడుగుల దూరము వలయును. చిన్న మోటారు మందు రెండు సెకనులలోపే తీరిపోవును. పిమ్మట కొన్ని సెకనులు రాకెట్టు తన వేగముతోనే సాగును. తుదకు కొలదిపాటి మందు ముక్కును నెట్టి పారాషూటును విప్పును. నూరు మీటర్ల దూరమున నిలిచినవానికి శిఖర స్థానము 45 డిగ్రీల కోణమున గనబడినచో ఎత్తు, కంటిమట్టమునుండి, నూరు మీటర్లే. బడిలో నిరర్థకముగ దోచిన త్రికోణమితి యిచట ఫలించును.

తల్లిదండ్రులకు మా విన్నపమిది. బాలుడు రాకెట్టు కట్టెదనన్నచో కాదనకుడు. మందు కూరెదనన్నచో నొప్పుకొనకుడు. లైసెన్సు లేని మందుగుండు తయారీని 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము నిషేధించినది. చట్టముకంటె కన్నులు ముఖ్యము. తగిన మోటారు దొరకనిచో ప్లాస్టిక్ సోడాసీసాలో మూడవవంతు నీరు పోసి, సైకిలు పంపుతో గాలి యెక్కించి, దూరముగ నిలిచి వదలినను రాకెట్టే. రెక్కల న్యాయము దానికి నిదే. భూవసతి గలవారు గడ్డివాములు లేని బీడునొకదానిని ఏడాదికొక దినము బడి పిల్లల కిచ్చినచో వారికి నష్టమేమియు లేదు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి మొట్టమొదట నెగసిన రోహిణి రాకెట్టు వ్యాసము 125 మిల్లీమీటర్లు మాత్రమే. నేడచటి నుండి ఉపగ్రహములు పోవుచున్నవి. మన తీరమున నంత పని జరుగుచుండ, జువ్వకు పుల్ల యెందులకో మన బాలు రెరుగకుండుట తగదు.