మీకు తెలుసా? జర్మనీలో మీ డబ్బే మీకు నెలనెలా అందుతుంది

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. అలాగని చేతులూపుకుంటూ వెళ్లడం కుదరదు. ఏడాది ఖర్చులకు సొమ్ముందని వీసాకు ముందే చూపాలి. ఇందుకు చాలామంది ఎంచుకునేది బ్లాక్డ్ అకౌంట్. 2024 సెప్టెంబర్ నుంచి అందులో వేయాల్సింది 11,904 యూరోలు. అక్కడికి చేరాక నెలకు 992 యూరోలే చేతికొస్తాయి. మిగతాది మీదే అయినా ముట్టుకోలేరు. సాధారణంగా అక్కడ మామూలు బ్యాంకు ఖాతా తెరిచాకే మొదటి వాయిదా వస్తుంది కాబట్టి, తొలి వారాల అద్దెకూ అడ్వాన్సుకూ డబ్బు విడిగా ఉంచుకోవాలి. అప్పు లెక్క వేసేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే.

ఫీజు లేదన్న మాటకు మినహాయింపులున్నాయి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటివారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మాస్టర్స్‌కైతే 4,000 నుంచి 6,000 దాకా!

భారత విద్యార్థులకు 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఇది మన మార్కుల జాబితాల నిజానిజాల తనిఖీ. అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే వీసా దగ్గర ఇరుక్కుంటారు.

ఇల్లు దొరికి చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. గది చూసినప్పుడే ఆ సంగతి అడిగేయండి.