ఫోనులో అక్షరాన్ని పెద్దది చేసుకుందాం



మా చదువు కేంద్రానికి ఒక పెద్దమ్మ వచ్చేది. వాచకాలన్నీ పూర్తి చేసింది. బస్సు బోర్డు చదువుతుంది. రేషన్ కార్డు చదువుతుంది. కానీ ఫోనులో మెసేజి వస్తే మాత్రం మనవడి చేతికి ఇచ్చేది. "ఒరే, ఇదేందో చూసి చెప్పరా" అనేది.

ఒకసారి పొదుపు సంఘం నుంచి మెసేజి వచ్చింది. మనవడు ఆటలో ఉన్నాడు. "రేపు మీటింగంట నాయనమ్మా" అని చెప్పి పరుగెత్తాడు. రేపే వాయిదా డబ్బు కట్టాలని కూడా అందులో ఉంది. ఆ ముక్క వాడు చెప్పలేదు. పెద్దమ్మ ఉత్త చేతులతో వెళ్ళింది. పదిమందిలో మాట పడింది.

"నీకు చదువు వచ్చు కదా పెద్దమ్మా, నువ్వే చదువుకోలేకపోయావా?" అని అడిగాను.

"పుస్తకం చదువు వేరు, ఫోను చదువు వేరు టీచరమ్మా. అది నాకు రాదు" అంది.

ఫోను తీసుకుని చూశాను. అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. పెద్దమ్మకు రానిది చదువు కాదు. అక్షరమే చిన్నది!

అక్షరం చిన్నదైతే ఏమవుతుంది?

మన తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి. కింద ఒత్తు ఉంటుంది. 'ద' కింద చిన్న గీత పెడితే 'ధ' అవుతుంది. అక్షరం మరీ చిన్నదైతే ఆ గీత కనబడదు. ఒత్తు కనబడదు. 'అద్దె' కాస్తా 'అదె' అవుతుంది. అందుకే వాచకంలో అక్షరాలు పెద్దగా అచ్చు వేస్తారు. ఫోనులో ఆ పని మనమే చేసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఎలా చేయాలి?

1. ఫోనులో పళ్ళచక్రం బొమ్మ ఉంటుంది. అదే సెట్టింగ్స్. దాన్ని నొక్కండి.
2. అందులో 'డిస్‌ప్లే' అనేది నొక్కండి. డిస్‌ప్లే అంటే ఫోను తెర.
3. 'ఫాంట్ సైజు' అని ఉంటుంది. అది నొక్కండి.
4. ఒక గీత, దాని మీద ఒక చుక్క కనబడతాయి. చుక్కను కుడివైపు జరపండి. అక్షరం పెద్దదవుతుంది. తెర మీదే నమూనా కనబడుతుంది. చూసుకుంటూ జరపండి.
5. 'బోల్డ్' అని ఉంటే అదీ నొక్కి చూడండి. అక్షరం మందంగా వస్తుంది.

అన్ని ఫోన్లూ ఒకే తీరుగా ఉండవు. పేర్లు కొంచెం మారతాయి. ఇంగ్లీషులో ఉంటే, తెలిసినవారిని అడిగి ఫోను భాషను తెలుగుకు మార్పించుకోండి.

వాట్సాప్‌లో విడిగా కూడా మార్చుకోవచ్చు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'చాట్స్' నొక్కండి. అక్కడ 'ఫాంట్ సైజు' ఉంటుంది. పెద్దది ఎంచుకోండి.

మరీ పెద్దది చేయకండి. తెర మీద నాలుగు మాటలే పడతాయి. అడుగున ఉన్న మాటలు చూడాలంటే వేలితో పైకి జరపాలి.

ఫాంటు అంటే ఏమిటి?

మనలో ఒక్కొక్కరి చేతిరాత ఒక్కో తీరు. అచ్చు అక్షరాలూ అంతే. అక్షరం ఆ తీరునే ఫాంటు అంటారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరుతో కూడా ఒక తెలుగు ఫాంటు ఉంది.

కొన్ని ఫోన్లలో 'ఫాంట్ స్టైల్' అని ఉంటుంది. దాన్ని మార్చితే తరచుగా ఇంగ్లీషు అక్షరాలే మారతాయి. తెలుగు మారదు. అది మీ తప్పు కాదు. ఆ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవన్నమాట. వంకర టింకర అక్షరాలు శుభలేఖకు బాగుంటాయి. డబ్బు లెక్కకు తేట అక్షరమే మేలు.

జాగ్రత్త!

"కొత్త ఫాంటు కావాలా? ఇది నొక్కండి" అని ఎవరైనా లింకు పంపితే నొక్కకండి. అలాంటి లింకులతో ఫోనులోకి దొంగలు చొరబడతారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

ఇంకో మాట. 40 ఏళ్ళు దాటితే చాలామందికి చత్వారం వస్తుంది. దగ్గరి అక్షరం మసకగా కనబడుతుంది. అక్షరం పెద్దది చేసినా మసక పోకపోతే కళ్ళు చూపించుకోండి.

ఇప్పుడు పెద్దమ్మ తన మెసేజి తనే చదువుకుంటోంది. కూడబలుక్కునే చదువుతుంది. కానీ మనవడిలా సగంలో వదలదు. చివరి అక్షరం దాకా చదువుతుంది.

చేసి చూడండి

1. మీ ఫోనులో అక్షరం సైజు ఒక మెట్టు పెంచండి.
2. ఈ వారం వచ్చిన ఒక మెసేజిని మీరే పూర్తిగా చదవండి.
3. పక్కింటి అక్కకు కూడా నేర్పండి.