ఎండాకాలంలో నడుముకు పిస్టల్.. చొక్కా లేచి కనిపించినా చిక్కే! లైసెన్స్ ఉన్నవాళ్లు ముందు ఇది తెలుసుకోండి

మే నెలలో బెజవాడ ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రోహిణి కార్తె వచ్చిందంటే మధ్యాహ్నం బయట అడుగు పెట్టలేం. ఎండకు తోడు ఉక్కపోత. పల్చటి కాటన్ చొక్కా కూడా పది నిమిషాల్లో ఒంటికి అతుక్కుపోతుంది. మరి ఇలాంటి టైంలో లైసెన్స్ ఉన్న పిస్టల్‌ని నడుముకు పెట్టుకుని తిరిగేవాళ్ల పరిస్థితి ఏంటి? బరువు మాత్రమే సమస్య కాదు. చొక్కా లేచి ఆయుధం బయటికి కనిపిస్తే రూల్ తప్పినట్టే. అందుకే చిన్న పిస్టల్ కొనాలనుకునేవాళ్లు మోడల్ కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. అవేంటో చూద్దాం.

దాచి పెట్టుకోవడం ఇష్టం కాదు.. రూల్!

అమెరికాలో తుపాకీ కనిపించకుండా పెట్టుకుని తిరగడానికి చాలా రాష్ట్రాల్లో ప్రత్యేక పర్మిట్ ఉంటుంది. మన దగ్గర కథ వేరు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో పిస్టల్ గానీ, రివాల్వర్ గానీ తీసుకెళ్తే అది ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లో గానీ, అలాంటి బ్యాగ్‌లో గానీ ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మోసుకెళ్తున్న మనిషి కంట్రోల్‌లోనే ఉండాలి. అంటే నలుగురికీ కనిపించేలా నడుముకు వేలాడదీసుకోవడం కుదరదు. నలుగురిలో బయటికి తీసి చూపించడం, ఊపడం అసలే కుదరదు. లైసెన్స్ రద్దయ్యే దాకా వెళ్తుంది వ్యవహారం.

పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. ఇలాంటి వేడుకల కాల్పులతో ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

సినిమాల్లో చూసే 9 ఎంఎం కొనలేరు

కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 9 ఎంఎం, .38, .455 లాంటివి మన దగ్గర ‘ప్రొహిబిటెడ్ బోర్’ కిందకి వస్తాయి. మామూలు జనానికి ఇవి ఇవ్వరు. నేతల పక్కన ఉండే గన్‌మెన్ దగ్గర 9 ఎంఎం కనిపిస్తుంది కదా అంటారేమో. అది సర్కారు ఆయుధం. వాళ్లు డ్యూటీలో ఉన్న పోలీసులు. మన సొంత లైసెన్స్‌కీ, దానికీ సంబంధం లేదు.

మామూలు లైసెన్స్ మీద ఎక్కువగా కనిపించేవి .32 బోర్, .22 బోర్ ఆయుధాలు. విదేశీ తుపాకులను సాధారణ పౌరులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. అందుకే పాత విదేశీ పిస్టళ్లు చేతులు మారితే ధర లక్షల్లో పలుకుతుంది. మిగతావాళ్లకు స్వదేశీ సరుకే దిక్కు.

మార్కెట్లో ఉన్న చిన్న ఆయుధాలు ఏవి?

అశని: .32 బోర్ పిస్టల్. కోల్‌కతాలోని గన్ అండ్ షెల్ ఫ్యాక్టరీ తయారీ. అశని అంటే పిడుగు. పిస్టల్ కాబట్టి బల్లపరుపుగా ఉంటుంది.

నిర్భీక్: .32 బోర్ రివాల్వర్. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, మహిళల కోసం అంటూ 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ తీసుకొచ్చింది. బరువు దాదాపు అర కిలో. అప్పట్లో ధర సుమారు 1.22 లక్షల రూపాయలు. ఆ ధర చూసి అప్పుడే చాలా విమర్శలు వచ్చాయి.

నిడర్: .22 బోర్ రివాల్వర్. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది. బరువు పావు కిలో మాత్రమే.

ప్రబల్: .32 బోర్ రివాల్వర్. 2023 ఆగస్టులో వచ్చింది. బరువు సుమారు 700 గ్రాములు. తూటాల చక్రం పక్కకి తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం మర్చిపోవద్దు. పిస్టల్ మీదా .32 అనే ఉంటుంది, రివాల్వర్ మీదా .32 అనే ఉంటుంది. కానీ రెండింటి తూటాలూ వేరు. ఒకదానివి ఇంకోదానికి వాడకూడదు.

బరువా.. మందమా? ఎండాకాలంలో ఏది ముఖ్యం?

చాలామంది గ్రాములు లెక్కపెడతారు. కానీ పల్చటి చొక్కా కింద ఆయుధాన్ని పట్టిచ్చేది బరువు కన్నా మందం. రివాల్వర్‌కి మధ్యలో గుండ్రటి చక్రం ఉంటుంది. చొక్కా ఒంటికి అతుక్కుంటే అక్కడ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పిస్టల్ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి నడుముకు ఆనుకుని సర్దుకుంటుంది. ఇక రెండోది పిడి. పిడి పొడుగైతే వంగినప్పుడల్లా చొక్కాని పైకి నెడుతుంది. బైక్ ఎక్కినా, సైకిల్ స్టాండ్ వేసినా, కింద పడిన తాళం చెవి తీసుకున్నా అదే తంతు.

మరి అన్నిటికన్నా చిన్నది కొనేస్తే పోలా? అక్కడే ఉంది తిరకాసు. మరీ చిన్న ఆయుధానికి పట్టు చాలదు. చేయి చెమటతో తడిసి ఉంటే ఇంకా జారుతుంది. .22 తూటా శక్తి .32 కన్నా తక్కువ. పిస్టల్‌కి మెయింటెనెన్స్ ఎక్కువ. రివాల్వర్ వాడకం సులువు, మొండిది. కాబట్టి కొనేముందు చేతిలోకి తీసుకుని పట్టు చూసుకోవాలి. షాపులో ఏసీ కింద బాగున్నది ఎండలో బాగుండకపోవచ్చు.

ముందు చొక్కా, బెల్టు.. తర్వాతే పిస్టల్

గన్‌మెన్ ఎండాకాలంలోనూ సఫారీ డ్రెస్ ఎందుకు వేస్తారో ఎప్పుడైనా గమనించారా? పొట్టి చేతులు, కాస్త మందం బట్ట, టక్ చేయకుండా నడుము కిందకి దిగే అంచు. గాలి ఆడుతుంది, ఆయుధమూ కనిపించదు. లైసెన్స్ ఉన్నవాళ్లకు కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. ఒక సైజు వదులుగా ఉన్న, ముదురు రంగు చొక్కా. లేదంటే గళ్లది. లేత రంగు పల్చటి ఖద్దరు చెమటకి తడిస్తే లోపలున్నదంతా బయటికే.

పంచె కట్టేవాళ్లకు ఇంకో చిక్కు. హోల్‌స్టర్‌ని పట్టి ఉంచేది గట్టి బెల్టు. పంచె మీద అది నిలవదు. బెల్టు లేకుండా మడతలో దోపుకోవడం, ప్యాంటు జేబులో పడేయడం ప్రాణాంతకం. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకునే హోల్‌స్టర్ తప్పనిసరి.

జారిపడితే ఏమవుతుందో 2024 అక్టోబర్ 1న దేశమంతా చూసింది. ముంబైలో నటుడు గోవిందా ప్రయాణానికి రెడీ అవుతూ తన లైసెన్స్ రివాల్వర్‌ని సర్దుతుంటే అది చేతిలోంచి జారి పేలింది. తూటా కాలికి దిగింది. ఆపరేషన్ చేసి తీశారు. ఆ టైంలో అక్కడ శత్రువు ఎవరూ లేరు. ఆయుధం, దాని యజమాని మాత్రమే ఉన్నారు.

చెమట, ఉప్పుగాలి.. ఇనుముకు రెండు శత్రువులు

కృష్ణా డెల్టాలో ఎండ ఒక్కటే కాదు, తేమ కూడా ఎక్కువే. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు అయితే సముద్రం నుంచి ఉప్పుగాలి. చెమటలోనూ ఉప్పే. రోజంతా ఒంటికి ఆనుకుని ఉన్న ఆయుధానికి తుప్పు త్వరగా పడుతుంది. తోలు హోల్‌స్టర్ అయితే చెమటని పీల్చుకుని ఇనుముకే అంటిస్తుంది. అందుకే ఇంటికి రాగానే తూటాలు తీసేసి, పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయాలి. హోల్‌స్టర్‌లో ఉంచే బీరువాలో పెట్టొద్దు. తడి తగిలిన తూటాలను నమ్ముకోవద్దు.

కారు డ్యాష్‌బోర్డులో పెట్టి వెళ్తున్నారా?

ఎండకి విసిగిపోయి చాలామంది చేసే పని ఇది. ఆయుధం తీసి కారులో పడేస్తారు. ఎండలో నిలిపిన కారులో వేడికి తూటా దానంతట అదే పేలిపోదు. కానీ నెలల తరబడి అలా ఉంచితే పాడవుతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం దొంగతనం. అద్దం పగలగొట్టి ఎత్తుకెళ్తే ఆ ఆయుధంతో జరిగే నేరానికి మొదట పోలీసులు వచ్చేది మీ ఇంటికే. హ్యాండ్‌బ్యాగ్ కూడా అంతే. బ్యాగ్‌లో పెట్టుకోవడానికి రూల్ ఒప్పుకుంటుంది. కానీ హోటల్లో కుర్చీకి తగిలించి చేయి కడుక్కోవడానికి వెళ్తే అది మీ కంట్రోల్‌లో లేనట్టే. ఇక గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లు ఆయుధం వెంట ఉంటే ముందే డిక్లేర్ చేయాలి. క్యాబిన్‌లోకి తీసుకెళ్లడం కుదరదు.

ఎన్నికల ఎండల్లో పిస్టల్ స్టేషన్లోనే!

మన రాష్ట్రంలో గమ్మత్తైన విషయం ఇది. 2014లో ఇక్కడ పోలింగ్ మే 7న. 2019లో ఏప్రిల్ 11న. 2024లో మే 13న. మూడూ మండుటెండల్లోనే. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్స్ ఆయుధాలపై స్క్రీనింగ్ కమిటీ సమీక్ష జరుగుతుంది. డిపాజిట్ చేయమని నోటీసు వస్తే పోలీస్ స్టేషన్‌లో గానీ, అనుమతి ఉన్న ఆయుధాల షాపులో గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. ఫలితాలు వచ్చాకే తిరిగి చేతికొస్తుంది. బ్యాంకు సెక్యూరిటీ లాంటి కొందరికి మినహాయింపు ఉంటుంది. అంటే గొడవలు ఎక్కువగా జరుగుతాయని జనం భయపడే ఆ నెలల్లో ఎక్కువ మంది దగ్గర ఆయుధమే ఉండదు. ప్రభుత్వం ఉద్దేశం కూడా అదే. చేతిలో తుపాకీ లేకపోతే మాటతో అయిపోయే గొడవ మాటతోనే అయిపోతుంది.

లైసెన్స్ కావాలంటే..?

కనీసం 21 ఏళ్లు నిండాలి. అప్లికేషన్ కలెక్టర్‌కి, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కి. పోలీస్ విచారణ ఉంటుంది. ప్రాణహాని ఏంటో చూపించాలి. ఆయుధం వాడటంలో శిక్షణ తీసుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. లైసెన్స్ లేకుండా నాటు తుపాకీ పెట్టుకున్నా జైలే.

చివరిగా ఒక్క మాట..

వన్‌టౌన్‌లో బంగారం వ్యాపారి కావచ్చు, రోజూ నగదుతో తిరిగే రొయ్యల వ్యాపారి కావచ్చు. భయం నిజమే అయి ఉండొచ్చు. కానీ రోజంతా కప్పి ఉంచలేని, చెమటకి జారిపోయే, పదేపదే చేత్తో సర్దుకోవాల్సిన ఆయుధం రక్షణ కాదు, కొత్త ప్రమాదం. కొనేముందు ఓ చిన్న పరీక్ష చేయండి. అంతే బరువున్న వస్తువు ఏదైనా నడుముకు కట్టుకుని, మీరు రోజూ వేసుకునే చొక్కాతో మే నెల మధ్యాహ్నం బీసెంట్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఎన్నిసార్లు చేయి నడుము మీదికి వెళ్లిందో లెక్కపెట్టుకోండి. ఎక్కువసార్లు వెళ్లిందా? అయితే ఈ ఎండలకి ఆయుధం ఇంట్లో తాళం వేసిన లాకర్‌లో ఉండటమే మంచిది. నగదు ఆన్‌లైన్‌లో పంపడం, తోడుగా ఇంకో మనిషిని తీసుకెళ్లడం, రోజూ ఒకే దారిలో వెళ్లకపోవడం.. వీటికి లైసెన్స్ అక్కర్లేదు, చెమటా పట్టదు.