ఒకసారి ఇచ్చిన అనుమతి

ది గ్రేట్ సస్పెండర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను ఒకప్పుడు 20 లక్షలమందికి పైగా వాడేవారు. తెరిచి వదిలేసిన ట్యాబులను నిద్రపుచ్చి కంప్యూటరు మెమరీని ఆదా చేయడం దాని పని. దాని సోర్స్ కోడు ఎవరైనా చదువుకునేట్టు గిట్‌హబ్‌లో ఉండేది. 2020 జూన్‌లో దాన్ని రాసినాయన ఇంకొకరికి అమ్మేశాడు. కొన్నవారెవరో వాడుకరులకు తెలియలేదు. ఆ అక్టోబరులో విడుదలైన వర్షనులో గిట్‌హబ్‌లో లేని మార్పులు కనిపించాయి. బయటి సర్వరునుండి కోడు తెచ్చుకొని నడిపే ఏర్పాటు వాటిలో ఒకటి. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్‌గా గుర్తించి, వాడుకరుల బ్రౌజర్లలో కూడా ఆపివేసింది.

వాడుకరులు అజాగ్రత్తగా ఉన్నారనలేం. పక్కింటాయనకు ఇచ్చిన తాళంచెవి, ఆయన ఇల్లు అమ్ముకొని వెళ్ళినప్పుడు కొత్తవారి చేతికి పోయినట్టయింది. ఎక్స్‌టెన్షన్లు వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. కొత్త వర్షను అదనపు అనుమతులు కోరితేనే క్రోమ్ మళ్ళీ మనను అడుగుతుంది. అన్ని వెబ్‌సైట్లలోనూ మన డేటాను చదివే, మార్చే అనుమతి మొదటిరోజే ఇచ్చేసి ఉంటే ఇక అడగవలసిందేమీ మిగలదు.

అడ్రసులో కనిపించే హెచ్‌టిటిపిఎస్ మన బ్రౌజరుకూ బ్యాంకు సర్వరుకూ మధ్యనున్న దారిని మాత్రమే కాపాడుతుంది. ఎక్స్‌టెన్షన్ ఉండేది ఆ దారి ముగిసినచోట, సంకేతాలు విడిపోయి పేజీగా మారిన తరువాత. మనం చూసేదంతా అదీ చూడగలదు. తెలుగు రాయడానికి ఎక్స్‌టెన్షన్లు వాడే మనవంటివారు ఇక్కడొక సంగతి గమనించాలి. మనం నొక్కే ప్రతి మీటనూ చూడకపోతే అది ఒక్క గుణింతాన్ని కూడా కూర్చలేదు. దానికి ఆ అనుమతి న్యాయమైన అవసరం. దుష్టబుద్ధితో రాసిన ఎక్స్‌టెన్షన్ కోరేదీ అదే కనుక, అనుమతుల జాబితాను బట్టి మంచిచెడ్డలు తేల్చలేం.

అమ్మకం జరగకుండానే చేతులు మారడమూ ఉంది. డేటా చోరీని అరికట్టే వ్యాపారంలో ఉన్న సైబర్‌హేవెన్ సంస్థ ఉద్యోగికే 2024 డిసెంబరు 24న, క్రోమ్ వెబ్ స్టోర్ పంపినట్టుగా ఒక ఈమెయిలు వచ్చింది. మీ ఎక్స్‌టెన్షన్ నిబంధనలను ఉల్లంఘించింది, తొలగిస్తాం అన్నది దాని సారాంశం. ఆ కంగారులో ఉద్యోగి ఒక అప్లికేషన్‌కు అనుమతి ఇచ్చారు. పాస్‌వర్డు పోలేదు, రెండంచెల ధ్రువీకరణ అడ్డుపడలేదు. క్రిస్మస్ నాటికి దుండగుల వర్షను స్టోర్ తనిఖీని దాటి, దాదాపు 4 లక్షలమంది వాడే ఆ ఎక్స్‌టెన్షన్ పేరుతోనే విడుదలయింది. సెషన్ కుకీలను కాజేయడం దాని పని. కుకీ అంటే అప్పటికే లాగిన్ అయినవారికి సైటు ఇచ్చే గుర్తింపుచీటీ. అది చిక్కినవాడికి చాలాచోట్ల పాస్‌వర్డుతోనూ, ఓటిపితోనూ పనిలేదు.

క్రోమ్‌లో ప్రతి ఎక్స్‌టెన్షన్ వివరాలలోనూ సైట్ యాక్సెస్ అన్నచోట, క్లిక్ చేసినప్పుడు మాత్రమే పనిచేసేట్టు మార్చుకునే వీలుంది. నేను అంతకంటె ఎక్కువగా నమ్మేది విడి ప్రొఫైలును. ఇండియాలోని ఎన్ఆర్ఐ ఖాతానూ ఇక్కడి జీతం ఖాతానూ ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేని ప్రొఫైలులోనే తెరుస్తాను. ఈ వ్యాసం టైపు చేసింది ఇంకొకదానిలో.