ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ



ఉప్మా అంటే రవ్వతో చేసేదనీ, మహా అయితే సేమ్యాతో చేసేదనీ మనలో చాలామంది అనుకుంటాం. మరి పొద్దున్నే బొరుగుల ఉగ్గాణి పళ్లెంలో పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వేసి ఇస్తే? "ఇదేం ఫలహారమమ్మా!" అని కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు ముక్కున వేలేసుకుంటారు. వాళ్లు మరమరాలనేవే ఈ బొరుగులు. అక్కడ సాయంత్రం పిల్లల చేతిలో పోసే వస్తువు, ఇక్కడ పొద్దుటి టిఫిను!

ఉగ్గాణి అసలు రాయలసీమ సొత్తు. బళ్లారి, దావణగెరె వైపు కన్నడం వాళ్లు దీన్నే మండక్కి ఒగ్గరణె అంటారు. ఒగ్గరణె అంటే తిరగమాత. ఆ మాటకూ మన ఉగ్గాణికీ ఉన్న పోలిక చూశారు కదూ? మరి మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు ఈ రుచి ఎలా అబ్బిందంటారా? 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఈ రెండు తాలూకాలూ కర్నూలు జిల్లాలోవే. నంద్యాలలో రైలెక్కితే నల్లమల దాటగానే గిద్దలూరు. కాగితం మీద గీత మారితే నాలుక మారుతుందా చెప్పండి!

దీని కిటుకంతా బొరుగులోనే ఉంది. వేడి ఇసుకలో వేయించేటప్పుడు గింజలోని తేమ ఆవిరై, గింజను ఒక్కసారిగా ఉబ్బిస్తుంది. లోపలంతా గుల్ల. అందుకే నీళ్లలో వేసీ వేయగానే పీల్చేస్తుంది. నిమిషం దాటితే ముద్దే. వెంటనే పిండి తీసి పక్కన పెట్టుకోవాలి. మూకుట్లో ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు వేగాక బొరుగులు వేసి రెండు నిమిషాలు కలపండి. దించాక పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి కొట్టిన పొడి చల్లి నిమ్మరసం పిండండి. ఆ పొడి మిగిలిన తడిని లాగేస్తుంది, మాంసకృత్తులనూ ఇస్తుంది. ఉగ్గాణి మెత్తన, బజ్జీ కరకర. ఇది పులుపు, అది కారం. అందుకే ఈ జంట విడిపోలేదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు మాత్రం కొంచెంగానే తినాలి. బొరుగులు తొందరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచుతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. అన్నం వండేటప్పుడు నీళ్లు కుతకుతా ఉడుకుతాయి. ఉగ్గాణిలో అలా కాదు. నానబెట్టిన నీళ్లే గింజలో ఉండిపోతాయి, పొయ్యి మీద ఉండేదేమో రెండు నిమిషాలు. ఆ నీళ్లలో ఏముంటే అది మన కడుపులోకే. పశ్చిమ ప్రకాశం మెట్ట ప్రాంతం. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఎన్నో ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. కాబట్టి ఇంట్లో తాగడానికి తెచ్చుకునే మంచినీళ్లతోనే బొరుగులు నానబెట్టండి. "వంటకేగా, ఏ నీళ్లయితేనేం" అనుకోకండి.

బండి దగ్గర తింటారా? తినండి, తప్పులేదు. ముందు నానబెట్టే గిన్నె వైపు ఒక చూపు చూడండి. నీళ్లు తేటగా ఉన్నాయా? బజ్జీల నూనె నల్లబడిందా? అచ్చుకాగితంలో పొట్లం కడితే వద్దనండి. వార్తాపత్రికల సిరా తిండికి అంటడం మంచిది కాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. విస్తరాకులోనో, మీరు తీసుకెళ్లిన గిన్నెలోనో పెట్టించుకోండి.

ఇంకొక్క మాట. నీళ్లకు కరువైన ఊళ్లో మంచినీళ్లు డబ్బిచ్చి కొని, వాటితోనే బొరుగులు నానబెట్టే బండి ఆవిడ రూపాయో రెండో ఎక్కువ చెప్పిందంటే, దయచేసి బేరమాడకండి. ఆ రూపాయి మన పిల్లల ఆరోగ్యానికి ఇచ్చుకున్నదే. సెలవు.