ధవళేశ్వరం - గోదావరి చీలే చోటు

వానాకాలంలో మా హాస్టల్లో పేపరు చదివేటప్పుడు అందరం అల్లరి మాని వినే మాట ఒకటుంది: "ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక." మాలో చాలామంది ఇళ్లు లంకల్లోనే ఉన్నాయి మరి. అందుకే ఆ ఊరి గురించి రాస్తున్నాము.

ధవళేశ్వరం రాజమహేంద్రవరానికి దక్షిణ శివారు. రెండు ఊళ్లూ ఇప్పుడు దాదాపు కలిసిపోయాయి. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన గోదావరికి గట్టున కొండ కనిపించే చివరి చోట్లలో ఇదొకటి. దీని దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. మధ్యలో ఉన్నదే కోనసీమ.

ఈనాడు పచ్చగా ఉన్న ఈ డెల్టా 1832-33లో కరువుతో అల్లాడింది. 1839లో ఉప్పెన వచ్చింది. పక్కనే నిండు గోదావరి సముద్రంలో కలిసిపోతుంటే జనం పస్తులున్నారు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించారు. ఈ చోటే ఎందుకంటే, నది మధ్య లంకలున్నాయి కాబట్టి కట్టను ముక్కలుగా కట్టుకోవచ్చు. రాయి ఊరి కొండలోనే దొరికింది. కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవారు వీణెం వీరన్న గారు. ఆ రాళ్లు మోసిన వేలమంది కూలీల పేర్లు మాత్రం మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పాత ఆనకట్ట స్థానంలో 1970లలో మొదలుపెట్టి కట్టిన బ్యారేజీకి 175 గేట్లున్నాయి. బ్యారేజీ ఉంది కదా, వరదను ఆపదా అని మా చిన్న తరగతుల తమ్ముళ్లు అడుగుతుంటారు. ఆపదు. అది నీటిని కాలువలకు మళ్లించడానికి కట్టినది, పెద్ద జలాశయం కాదు. వరద ముదిరితే గేట్లన్నీ ఎత్తేస్తారు. ఆ నీరంతా పాయల్లోకి, మా లంకల మీదికి వస్తుంది.

నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటి హెచ్చరిక నాటికే సెకనుకు 10 లక్షల ఘనపుటడుగుల నీరు, అంటే 10 లక్షల క్యూసెక్కులు దిగువకు పోతుంటాయి. 1986 ఆగస్టులో ఇది సుమారు 35 లక్షలకు చేరింది. మా తాతలు నేటికీ చెప్పుకునే వరద అదే. 2022 జూలైలో 25 లక్షలు దాటింది.

మొదటి హెచ్చరిక వినగానే మా ఇళ్లలో బియ్యం మూట అటక ఎక్కుతుంది. రెండవది వచ్చేలోగా గొడ్లను ఏటిగట్టు మీదికి తోలేస్తారు.